ఒకటో నంబరు

"దానంతట అదే ఆగిపోయింది" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఇరవై ఏళ్లకు పైగా చెన్నైలో ఇళ్లకు అలారాలు బిగిస్తున్నాను. దానంతట అదే ఆగిపోయిన పెట్టెను ఒక్కదాన్నీ చూడలేదు. పనిమనిషి మిక్సీ పెట్టుకోవడానికి ప్లగ్గు పీకి ఉంటుంది. బల్లి లోపల దూరి వైరు మీద చచ్చి ఉంటుంది. కొడుకు వైఫై పాస్‌వర్డు మార్చి ఎవరికీ చెప్పి ఉండడు. అడిగితే మాత్రం అందరిదీ ఒకటే పాట, మేమేం చెయ్యలేదు, దానంతట అదే. నేను నవ్వి ఊరుకునేవాణ్ని, లేదా నవ్వకుండా రెండు మాటలు అనేవాణ్ని. ఆ అలవాటు కొద్దీ ఒక మనిషి చెప్పిన మాటను మూడుసార్లు కొట్టిపారేశాను. ఆ సంగతి ఎవరికైనా చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు, అందుకే రాస్తున్నాను.

మా నాన్న జార్జి టౌన్‌లో తాళాల పని చేసేవాడు. గిడ్డంగులకు, ఇనప్పెట్టెలకు, ఇళ్ల తలుపులకు ఆయన తాళాలే ఉండేవి. ఆయనకొక పద్ధతి ఉండేది. తాళం బిగించాక రెండు తాళంచెవులూ తెచ్చి ఇంటాయన చేతిలోనే పెట్టేవాడు. ఆడవాళ్లు చెయ్యి చాచినా ఇచ్చేవాడు కాదు. "ఇంటాయన యాడ?" అనేవాడు. ఆయన బయటికి వెళ్లి ఉంటే వచ్చేదాకా అరుగు మీద కూర్చునేవాడు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని నేనూ అదే నేర్చుకున్నాను. నిజాయితీ అంటే ఇదే అనుకున్నాను.

తాళాలు వదిలి అలారాల్లోకి వచ్చినా ఆ పద్ధతి నాతోనే వచ్చింది. పాతకాలం అలారం పెట్టెకు అరవడం ఒక్కటే తెలుసు. ఇప్పుడు దానిలో అగ్గిపెట్టెంత బోర్డు ఒకటి గుచ్చుతాం. అందరూ దాన్ని స్మార్ట్ మాడ్యూల్ అంటారు, నేను బిళ్ల అంటాను. బిళ్ల ఉంటే పెట్టె వైఫైలోకి ఎక్కుతుంది. ఏ తలుపు తెరుచుకున్నా, ఏ గదిలో మనిషి కదిలినా ఫోనుకు కబురు పంపుతుంది. దానికి కరెంటు తాళం కూడా తగిలిస్తే ఎక్కడో కూర్చుని ఫోనులోనే వీధి తలుపు తీయొచ్చు. బిళ్లలో వాడేవాళ్ల ఫోన్లను వరసగా ఎక్కించాలి. ఒకటో నంబరు యజమాని. ఈ జాబితా చూడాలన్నా, మిగతావాళ్లను చేర్చాలన్నా తీసేయాలన్నా, అలారం ఆఫ్‌లో ఉన్నప్పుడు ఇంట్లో కదలికలు చూడాలన్నా ఆ ఒకటో నంబరుకే చెల్లుతుంది. ఆ చోట నేనెప్పుడూ ఇంటాయన ఫోనే వేసేవాణ్ని. ఎవరినీ అడిగేవాణ్ని కాదు.

టి. నగర్‌లో ఆ దంపతుల ఫ్లాటుకు అలారం బిగించి ఆరేళ్లు దాటింది. ఆయనది చీరల వ్యాపారం. మావాళ్లే, నాలుగు తరాలుగా ఈ ఊళ్లో ఉన్న తెలుగువాళ్లు. ఆమె కంటి ఆసుపత్రిలో చూపు పరీక్ష చేస్తుంది, అక్షరాల బోర్డు ముందు కూర్చోబెట్టి అద్దాలు మార్చి మార్చి చదివించే పని. గృహప్రవేశానికి పుట్టింటివాళ్లు సారె పెట్టడం మాలో ఉంది. వాళ్లమ్మ దీపపు సెమ్మెలు, ఇత్తడి బిందెలతో పాటు ఈ అలారాన్నీ సారెలో పెట్టింది. పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పూలు చుట్టి పళ్లెంలో ఉంచిన అలారం పెట్టెను నా జన్మలో అదొక్కటే చూశాను. "బిడ్డ ఒకతే ఉన్నప్పుడు బయం లేకుండా ఉండాల గదప్పా" అందామె. బిగించడం అయ్యాక ఒకటో నంబరులో అల్లుడి ఫోను వేశాను, రెండో నంబరులో కూతురి ఫోను. తల్లీ కూతురూ ఇద్దరూ పక్కనే ఉన్నారు. ఎవరూ ఏమీ అనలేదు.

పోయిన ఎండాకాలంలో ఒక రోజు పొద్దున ఆయన ఫోన్ చేసి రమ్మన్నాడు. వెళ్లేసరికి హాల్లో సగం అట్టపెట్టెలు. ఆమె వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి తలాడించింది కానీ పలకరించలేదు. ఆయనే కాఫీ తెచ్చి ఇచ్చాడు.

"ఆమె వేరే పోతా ఉండాదన్నా. సారె సామాను ఆమెది గదా, అలారం కూడా దాంట్లోదే. నువ్వే ఊడదీసి ఇయ్యి. ఒక్క స్క్రూ తక్కువైనా రేపు మాటొస్తాది."

పుట్టింటి సారె ఆడపిల్లతోనే పోతుంది. అందులో వాదనకు చోటు లేదు, మాలో ఎంత గొడవపడి విడిపోయినా ఆ ఒక్కటి మాత్రం పాటిస్తారు. కానీ ఇంత మర్యాదగా పాటించిన మొగుణ్ని నేను చూడలేదు. నేను ఎక్కితే ఆయనే స్టూలు పట్టుకున్నాడు. ఊడదీసిన వైర్లను ఆయనే చుట్టి రబ్బరు బ్యాండు వేశాడు.

"ఆ చిన్న బోర్డు కూడా పెట్టినావా? అది లేకుంటే ఫోనుకు రాదు గదా. జాగ్రత్తగా పెట్టు" అన్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం తింటూ మా ఆవిడకు ఇదంతా మెచ్చుకోలుగా చెప్పాను. ఆమె మజ్జిగ పోస్తూ, "అంత మంచోడైతే ఆమె ఎందుకు పోతా ఉండాది?" అంది. నీకు అన్నింట్లోనూ అనుమానమే అన్నాను.

పది రోజుల తర్వాత ఆ అమ్మాయే ఫోన్ చేసింది. తొండియార్‌పేటలో ఒక మూడంతస్తుల ఇంట్లో రెండో అంతస్తు అద్దెకు తీసుకుంది. చిన్న హాలు, ఒక పడగ్గది, వంటిల్లు. హార్బరుకు పోయే కంటైనర్ లారీల దుమ్ము కిటికీ ఊచల మీద మందంగా పేరుకుని ఉంది. సామానింకా అట్టపెట్టెల్లోంచి తీయలేదు. అన్నిటికంటే ముందు అలారం కావాలంది. తలుపుకు కరెంటు తాళం కూడా పెట్టమంది. ఆసుపత్రి నుంచి బరువు మోసుకుని వచ్చినప్పుడు ఫోనుతో తీసుకోవచ్చని ఆ సలహా ఇచ్చింది నేనే.

"అన్నా, ఈ అడ్రసు ఆయనకు తెలీదు. ఆసుపత్రిలో కూడా ఎవురికీ చెప్పలేదు. మీరు చెప్పకండి."

"నేనెందుకు చెప్తానమ్మా. ఆయన్ను చూసేదే లేదు."

"చూస్తే?"

"చూసినా చెప్పను. సరేనా?"

ఆమె కొంచెంసేపు నా మొహమే చూసింది. "ఆయన అరిచే మనిషి కాదు. అరిస్తే బాగుండు" అంది. నేను అర్థం అడగలేదు. మొగుడూ పెళ్లాల సంగతి అడగడం మర్యాద కాదనుకున్నాను, పైగా ఎండ మండిపోతోంది, ఇంకో ఇంటికి పోవాలి.

పెట్టె గోడకు బిగించి, బిళ్ల గుచ్చి, ల్యాప్‌టాపు తెరిచాను. వాడేవాళ్ల జాబితాలో రెండు పేర్లూ అలాగే ఉన్నాయి. ఒకటో నంబరు ఆయన. రెండో నంబరు ఆమె. చూశాను. చూసి వదిలేశాను.

ఎందుకు వదిలేశానో దాచకుండా చెప్పాలి. ఒకటి, ఒకటో నంబరును తీసేయాలంటే ఆయన ఒప్పుకోవాలి. లేదంటే బిళ్లను మొత్తం తుడిచేసి మొదటి నుంచి ఎక్కించాలి, అది గంట పని. రెండోది అసలు కారణం. ఇవాళ విడిపోయినవాళ్లు రేపు కలుస్తారు, అప్పుడు ఇంటాయన పేరు తీసేసిన చెడ్డపేరు నాకెందుకు అనుకున్నాను. మా పెద్దవాళ్లంతా ఇలాగే ఆలోచిస్తారు. ఆమె కలవనని ఎంత గట్టిగా చెప్పినా, ఆమె తరఫున మేము లోపల్లోపల కలిపేసి ఉంచుతాం. పెట్టె పువ్వుల్లో పెట్టి ఇచ్చేసిన మనిషి ఫోనులో యాప్ ఇంకా ఎందుకు ఉంచుకుంటాడని కూడా సర్దిచెప్పుకున్నాను.

తర్వాత ఇంటి అడ్రసు అడిగింది యాప్. అది నింపకపోతే ముందుకు పోదు. డోరు నంబరు, వీధి పేరు, రెండో అంతస్తు, తొండియార్‌పేట, అన్నీ తప్పు లేకుండా కొట్టాను. ఆ అక్షరాలు ఆమె ఫోనులో కనిపించిన క్షణంలోనే ఆయన ఫోనులోనూ కనిపించి ఉంటాయి. చెప్పనని మాట ఇచ్చి అప్పటికి గంట కూడా కాలేదు.

నెల తిరక్కుండా మొదటి ఫోన్ వచ్చింది.

"అన్నా, పొద్దున పనికి పోయేటప్పుడు ఆన్ చేసి పోయినాను. వచ్చి చూస్తే ఆఫ్‌లో ఉండాది. దానంతట అదే."

ఆ మాట విన్నాక ఇంకేముంది. "ఫోను బ్యాగులో ఏసుకుంటావు గదమ్మా, ఏదో తగిలుంటాది. యాప్‌కి లాక్ పెట్టుకో" అన్నాను. పెట్టుకుంటానంది. వారం తిరిగేసరికి మళ్లీ అదే.

ఈసారి వెళ్లాను. కరెంటు ఎంత వస్తోందో మీటరు పెట్టి చూశాను, అడాప్టరు కొంచెం తక్కువ ఇస్తోంది, మార్చాను. వైఫై పెట్టె బీరువా వెనక ఉంది, దాన్ని తీసి పైన పెట్టాను. గోడ మీది మీటల బోర్డులో ఆఖరి సంగతి చూస్తే, ఫోను ద్వారా ఆపబడింది అని ఉంది. ఏ ఫోను అన్నది ఆ బోర్డు చెప్పదు. దానికి ల్యాప్‌టాపు తగిలించి, పెట్టె లోపల దాచుకునే పూర్తి చిట్టా దించాలి. నేను దించలేదు. ఫోను ద్వారా అంటే ఆమె ఫోనే కదా.

"చూడు, నీ ఫోనే ఆపింది. నువ్వే మర్చిపోయుంటావు. ఒకరే ఉంటే మతిమరుపు వస్తాదిలే" అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. గోడకు తగిలించిన రోజువారీ క్యాలెండరు చూపించింది, రోజుకో కాయితం చింపే రకం.

"పొద్దున ఒక కాయితమే చించినానన్నా. సాయంత్రం వచ్చి చూస్తే రేపటిది ఉండాది. నేను రెండు చించినానా?"

"రెండు అంటుకుని వచ్చుంటాయి."

"చించిన కాయితం చెత్తబుట్టలో ఒకటే ఉండాది."

రోజంతా మనుషుల చేత చిన్న చిన్న అక్షరాలు చదివించే మనిషి. కుడి కన్నుకూ ఎడమ కన్నుకూ తేడా ఎంత అని పట్టుకునే మనిషి. ఆమెకు లెక్క తప్పదని నాకు ఆ పూట తట్టాలి. తట్టలేదు. గాలికి ఎగిరిపోయి ఉంటుందని చెప్పి చెప్పులు వేసుకున్నాను.

మూడోసారి ఆమె గొంతులో విసుగు లేదు. చాలా నిదానంగా మాట్లాడింది, డాక్టరుకు చెప్పినట్టు. తాను తెరిచిపెట్టి పోయిన కిటికీ మూసి ఉందట. బోర్లించి పోయిన గ్లాసు నిలబెట్టి ఉందట. నాకు ఆ మాటలు చెవికెక్కలేదు. బిళ్ల చెడిపోయిందని అప్పటికే తీర్మానించుకుని ఉన్నాను. ఆరేళ్ల పాతది, దుమ్ములో ఉంది, పోయి ఉంటుంది. కొత్త బిళ్ల తీసుకుని వెళ్లాను.

కొత్తది మార్చడం పెద్ద విద్య కాదు. పెట్టెకు కరెంటు ఆపాలి, బ్యాటరీ వైరు తీయాలి, పాత బిళ్లను రెండు వేళ్లతో తిన్నగా పైకి లాగాలి, కొత్తదాన్ని కాళ్లు వంగకుండా గుచ్చాలి. కొత్త బిళ్ల ఖాళీగా ఉంటుంది. అందులో ఎవరూ ఉండరు. ఆ ఖాళీ బిళ్లలో ఆమె ఒక్క ఫోను ఎక్కించి లేచి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. కానీ యాప్‌లో ఒక సదుపాయం ఉంది. పాతదాంట్లో ఉన్నవన్నీ కొత్తదాంట్లోకి తెచ్చుకోవాలా అని అడుగుతుంది, అవునని నొక్కితే రెండు నిమిషాల్లో అయిపోతుంది. నొక్కాను. పచ్చ లైటు మూడుసార్లు మెరిసి నిలిచిపోయింది.

"ఇంక నీకు నాతో పనిలేదు" అని చెప్పి వచ్చాను.

దాదాపు మూడు వారాలు ఏ గొడవా లేదు. నా రిపేరు పనిచేసిందని గర్వపడ్డాను, మా ఆవిడకు కూడా చెప్పుకున్నాను. ఆ మూడు వారాలూ ఆయన సరుకు కోసం సూరత్ వెళ్లి ఉన్నాడని తర్వాత తెలిసింది.

ఒక శనివారం మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది. ఈసారి అలారం గురించి ఏమీ చెప్పలేదు.

"అన్నా, నిన్న మీరు ఈడికి వచ్చినారా?"

"లేదే. ఎందుకమ్మా?"

"కింద ఇంటి ఓనరమ్మ చెప్తా ఉండాది. అలారం ఆయన వచ్చి పోయినాడంట. ఇది నాలుగోసారంట."

ఫోను చెవికి ఆనించుకుని బండి తాళాలు వెతుక్కున్నాను. నాలుగుసార్లు ఎవరు వచ్చారో, ఎలా వచ్చారో, ఎవరి వల్ల వచ్చారో ఆ ఒక్క మాటతోనే అర్థమైపోయింది. చదివే మీకు ఎప్పుడో తట్టినది నాకు అప్పుడు తట్టింది.

నేను వెళ్లేసరికి ఓనరమ్మ మెట్ల దగ్గరే ఉంది. పెద్ద వయసు తమిళ ఆవిడ. ఆమె నన్ను ఎగాదిగా చూసి, మీరు వేరే ఆయన కదా అంది. వచ్చినాయన తెల్లగా, పొడుగ్గా ఉంటాడట. మంచి బట్టలు వేసుకుంటాడట. అలారం కంపెనీ నుంచి సర్వీసుకు వచ్చానని చెప్పి, చెప్పులు కిందే విప్పి పైకి పోతాడట. ఒకసారి ఆవిడకు అరటిపళ్లు కూడా ఇచ్చాడట. తాళంచెవి అడగలేదు కదా, ఫోను చూపిస్తే తలుపే తెరుచుకుంది, కంపెనీ మనిషి కాకపోతే ఎలా తెరుచుకుంటుంది అని ఆవిడే నన్ను ఎదురు అడిగింది.

పైకి వెళ్లి ల్యాప్‌టాపు తగిలించి చిట్టా దించాను. ఆమె నా వెనక నిలబడింది. నేను చదవడం మొదలుపెట్టక ముందే ఆమె చదివేసింది, అక్షరాలు చదివించడం ఆమె వృత్తి.

నిన్నటి తేదీ కింద, ఒకటో నంబరు, పదకొండు గంటల పన్నెండు నిమిషాలకు, అలారం ఆఫ్. ఒకటో నంబరు, పదకొండూ పన్నెండు, తాళం తెరిచారు. పదకొండూ పదమూడు, హాల్లో కదలిక. పదకొండూ ఇరవై, వంటింట్లో కదలిక. పదకొండూ ముప్ఫై ఒకటి, పడగ్గదిలో కదలిక. ఆ తర్వాత నలభై నిమిషాల పాటు ఏమీ లేదు. మనిషి ఇంట్లోనే ఉన్నాడు, తలుపు తెరుచుకోలేదు. పడగ్గదిలో ఏ కదలికా లేకుండా నలభై నిమిషాలు ఉన్నాడు. మిగతా మూడు రోజులూ దాదాపు అంతే. టైములు మారాయి, పడగ్గది మారలేదు.

పోయేటప్పుడు అలారం తిరిగి ఆన్ చేసి పోవచ్చు. అలా చేసి ఉంటే ఆమెకు ఎప్పటికీ తెలిసేది కాదు. నాలుగుసార్లూ చెయ్యలేదు.

"ఒకటో నంబరు ఎవురన్నా?" అంది. ఆమెకు తెలుసు. నా నోటి నుంచి రావాలని అడిగింది.

చెప్పాను.

ఆమె మంచం అంచు మీద కూర్చోబోయి, కూర్చోకుండా లేచి గోడకు ఆనుకుంది. "ఆడ కూడా ఇట్టనే చేసేవాడు. నేను పెట్టిన తాళాలు వేరే చోట ఉండేవి. నేను ఆపిన గ్యాసు ఎలుగుతా ఉండేది. నువ్వే మర్చిపోయినావు అనేవాడు, నవ్వతా. ఆరేళ్లు నాకే మతి లేదనుకున్నాను. ఈడికి వచ్చినాక అనుకున్నాను, లేదు, నా మతి బాగుండాదని." నా వైపు తిరిగింది. "మీరూ అదే మాట అన్నారు. అట్టనే నవ్వినారు."

నేను ల్యాప్‌టాపు మూయబోయాను.

అప్పుడే తలుపు తాళం టక్కుమంది. పగటి వెలుగులో, మేమిద్దరం చూస్తుండగా, లోపలి నుంచి ఎవరూ ముట్టుకోకుండా తలుపు గడియ వెనక్కి జరిగింది. వెళ్లి తలుపు లాగి చూశాను. మెట్ల మీద ఎవరూ లేరు. కింద ఓనరమ్మ కరివేపాకు దూస్తూ కూర్చుని ఉంది, వీధిలో లారీ ఒకటి వెనక్కి తిప్పుకుంటోంది. ల్యాప్‌టాపులో కొత్త వరస పడింది. ఒకటో నంబరు, తాళం తెరిచారు. ఎక్కడో కొట్లో చీరల మధ్య కూర్చుని, ఇంట్లో కదలిక ఉందని ఫోనులో చూసి, తాను ఉన్నానని చెప్పాడు.

కరెంటు ఆపడం, బ్యాటరీ తీయడం లాంటి వరసలన్నీ మర్చిపోయి బిళ్లను పట్టుకుని లాగేశాను. కాళ్లు రెండు వంగిపోయాయి.

ఆమె అరవలేదు, ఏడవలేదు. వంటింట్లోకి పోయింది. బిందెలో నీళ్లు తూములో పోసింది. బియ్యం డబ్బా తెచ్చి చెత్తసంచిలో వంపేసింది. కందిపప్పు, చింతపండు, ఉప్పు, కాఫీపొడి, పొద్దున కాచిన పాలు, అన్నీ పారబోసింది. ఆయన ఏమైనా కలిపి ఉంటాడని నేను అనుకోలేదు, ఆమె కూడా అనుకుని ఉండదు. ఆయన చెయ్యి పడినది ఏదో పడనిది ఏదో తెలియదు, అందుకని. నేను సంచి నోరు పట్టుకుని నిలబడ్డాను. ఖాళీ డబ్బాలన్నీ గట్టు మీద వరసగా పెట్టి, ఒకే ఒక ప్రశ్న అడిగింది.

"అన్నా, మా అమ్మ పెట్టిన పెట్టె గదా ఇది. మొదట్లో ఆయన నంబరు ఎవుర్ని అడిగి రాసినారు?"

"ఎవర్నీ అడగలేదమ్మా" అన్నాను.

ఆ సాయంత్రమే ఇద్దరం పోలీసు స్టేషనుకు వెళ్లాం. చిట్టా కాయితాల మీద అచ్చు వేయించి ఇచ్చాను, నేను చేసింది నేను చెప్పాను. ఫిర్యాదు రాసుకున్నారు. ఆయన్ను పిలిచి అడిగితే చాలా మర్యాదగా సమాధానం చెప్పాడట. అలారం నా పేరు మీదే ఉంది, అడ్రసు వాళ్లే నాకు పంపారు, నా భార్య ఎలా ఉందో చూడ్డానికి వెళ్లాను, ఒక్క వస్తువైనా పోయిందేమో అడగండి అన్నాడట. ఏ వస్తువూ పోలేదు. విచారణ అంటూ ఇప్పటికీ నడుస్తోంది.

ఆమె నాలుగు రోజుల్లో ఇల్లు ఖాళీ చేసింది. పెట్టెను మాత్రం నా చేతికి ఇచ్చింది. "పారెయ్యలేను, పెట్టుకోలేను. మీ దగ్గరే ఉండనీండి" అంది. కొత్త ఇంట్లో మామూలు గడియ చాలంది. ఆ ఇల్లు ఎక్కడో చెప్పలేదు. సామాను బండిలోకి ఎక్కిస్తుంటే, తలుపుకు గడియ బిగించడానికైనా వస్తానమ్మా, ఉట్టినే చేసిపెడతాను అన్నాను. "వద్దన్నా" అంది. కోపంగా అనలేదు. నాకు కోపమే నయమనిపించింది.

ఇప్పుడు నేను ఏ ఇంటికి వెళ్లినా, ఒకటో నంబరు ఎవరిది వేయాలని ఇంట్లో ఉన్న అందర్నీ కూర్చోబెట్టి అడుగుతాను. కొంతమంది మగవాళ్లకు అది నచ్చదు, ఇదేం ప్రశ్న అంటారు. ఆడవాళ్లలో చాలామంది, ఆయనదే వేయండి అంటారు, వెంటనే. అయినా అడుగుతాను. ఇలా అడిగినంత మాత్రాన నా తప్పు కడుక్కుపోతుందని నేను అనుకోవడం లేదు.

ఆమె ఇల్లు మారిన వారానికి ఆయన నుంచి ఫోన్ వచ్చింది. పొద్దున పదిన్నర, నేను ఒక ఇంట్లో నిచ్చెన మీద ఉన్నాను. ఎప్పటిలాగే నెమ్మదైన గొంతు, తొందర లేని గొంతు.

"అన్నా, బాగుండావా? ఇంట్లో అందరూ బాగుండారా? ఆ అలారం ఆఫ్‌లైన్ చూపిస్తా ఉండాది. బోర్డు పోయిందేమో. ఒకసారి చూసి రారాదా?"

చేతిలో స్క్రూడ్రైవరు నిచ్చెన మెట్టు మీద పెట్టాను.

"ఇప్పుడు యాడ బిగించినావు దాన్ని?" అన్నాడు.

"నాకు తెలీదు సార్" అన్నాను. పెట్టె నా దగ్గరే ఉంది, కానీ ఆయన అడిగింది ఆమె ఇల్లు, అది నాకు నిజంగానే తెలీదు.

"తెలిస్తే ఒక ఫోన్ చెయ్యి. సరేనా?"

వద్దు, కుదరదు, నీ మొహం నాకు చూపించొద్దు అనాలి. ఆ మాటలన్నీ నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి, ఆ వారమంతా ఒక్కణ్నే ఉన్నప్పుడు అనుకుంటూనే ఉన్నాను. కానీ ఇరవై ఏళ్లుగా ఇంటాయనలకు చెప్పీ చెప్పీ అలవాటైన నోరు నాకంటే ముందే పలికింది.

"అట్నే సార్" అన్నాను.

ఆయన థాంక్స్ చెప్పి పెట్టేశాడు. నేను నిచ్చెన దిగి కింద కూర్చున్నాను. ఆమె నాకు అడ్రసు ఎందుకు చెప్పలేదో అప్పుడు అర్థమైంది.